పాల కేంద్రం లెక్కల సాఫ్ట్‌వేర్‌కు ఏ లైసెన్సు పెట్టాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్న యువత చేతుల్లో ఊరికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్లు తయారవుతున్నాయి. బత్తాయి తోట ఖర్చుల లెక్క, మిర్యాలగూడ మిల్లులో ధాన్యం తూకాల పట్టీ, పాలమూరు నుంచి పనికి వెళ్లిన కూలీల హాజరు, పాల కేంద్రం బిల్లులు, ఇలా ఎన్నో. వీటిని నలుగురికీ ఇద్దామనుకోగానే మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఏ షరతులతో, అంటే ఏ లైసెన్సుతో, ఇవ్వాలి? ప్రభుత్వ శాఖ అడిగితే ఏం చేయాలి? అందులో ఉన్న జనం వివరాలకు ఎవరు పూచీ? ఈ మూడింటికీ కలిపే జవాబు వెతకాలని నేను గట్టిగా నమ్ముతాను. లైసెన్సు ఒక్కటీ చూసుకుని ముందుకు పోతే, రైతుల వివరాలు ఎవరి సర్వర్‌లో ఉన్నాయో చెప్పలేని రోజు వస్తుంది.

ఒక పాల సేకరణ కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తెల్లవారుతుండగానే క్యాన్లు వస్తాయి. పాల నమూనా తీసి యంత్రంలో పెడితే వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) తెర మీద కనిపిస్తాయి. రేటు పట్టికతో సరిచూసి ఆ పూట ధర కడతారు, చీటీ ఇస్తారు. ఆ చీటీలన్నీ కలిపి పదిహేను రోజులకోసారి బిల్లు. ఈ లెక్కలు చేసే కంప్యూటర్‌లో రైతు పేరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా ఉంటాయి. అవసరం ఉన్నా లేకున్నా ఆధార్ నంబరు కూడా చేరుతుంది. రెండేళ్ల రికార్డును వరుసగా చూస్తే ఏ ఇంట్లో గేదె ఎప్పుడు ఈనింది, ఎప్పుడు వట్టిపోయింది, ఎప్పుడు అమ్ముకున్నారు, ఆ ఇంటికి ఏ నెలలో చేతిలో డబ్బు ఆడదు అన్నవన్నీ తెలిసిపోతాయి. వడ్డీకి అప్పులిచ్చేవారికి ఇంతకన్నా కావలసింది లేదు.

పాలు పోసే రైతుకు రెండు కావాలి. మొదటిది, తన పాలకు ఆ ధర ఎలా వచ్చిందో తెలియాలి. రేటు పట్టికలో ఏ గడి చూశారు, దశాంశాన్ని పైకి సర్దారా కిందికి సర్దారా, లీటర్లను కిలోలుగా మార్చడానికి ఏ సంఖ్యతో గుణించారు? లీటరుకు పావలా తేడా వచ్చినా, రోజుకు పది లీటర్లు పోసే ఇంటికి ఏడాదిలో 900 రూపాయలకు పైగా నష్టం. రెండోది, తన ఖాతా, తన ఆదాయం ఇతరుల కంట పడకూడదు. ఓపెన్ సోర్స్, అంటే ప్రోగ్రాం రాసిన కోడ్‌ను ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకునేలా తెరిచి ఇవ్వడం, మొదటి కోరికను తీరుస్తుంది, రెండోదానికి అడ్డు రాదు. కోడ్ తెరిస్తే డేటా కూడా తెరిచినట్టే అనుకుని సంఘం పెద్దలు బెదిరిపోతారు. లెక్క కట్టే పద్ధతిని గోడ మీద అతికిస్తాం, పాసు పుస్తకాలు మాత్రం బీరువాలోనే ఉంటాయని చెబితే వారికి వెంటనే అర్థమవుతుంది.

లైసెన్సు రాయకుండా వదిలేస్తే

కోడ్‌ను అందరూ చూడగలిగే గిట్‌హబ్ వెబ్‌సైటులో పెట్టాం కాబట్టి ఇక ఎవరైనా వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. 1957 కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య కృతి కిందే లెక్క. రాసినవారు అనుమతి ఇవ్వనంత వరకు మరొకరికి దాన్ని మార్చుకుని పంచే హక్కు లేదు. దేవరకొండలో ఒక సంఘం మీ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుని పని మొదలుపెడితే, కాగితం మీద వారికి ఏ హక్కూ ఉండదన్నమాట.

అంతకన్నా ముందు, ఆ అనుమతి ఇచ్చే హక్కు మీకు ఉందో లేదో చూసుకోవాలి. ఉద్యోగంలో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం హక్కు యజమానిది. ప్రభుత్వ ఆదేశం, అజమాయిషీ కింద తయారైనదైతే, అదే షరతుతో, తొలి హక్కు ప్రభుత్వానిది. బయటి నుంచి పని ఒప్పుకుని రాసిచ్చినవారి హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే, సాధారణంగా వారిదే. బదిలీ పత్రంలో గడువు రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమని 19వ సెక్షన్ చెబుతుంది. పాల సంఘంతో నోటి మాట మీద పని మొదలుపెట్టే ముందు ఒక్క పేజీ ఒప్పందమైనా రాసుకోండి. తర్వాత పాలకవర్గం మారినప్పుడు అదే కాపాడుతుంది.

ఒకే సంఘటన, నాలుగు లైసెన్సులు

లైసెన్సులను లక్షణాల పట్టిక వేసి పోల్చడం కన్నా, ఒక సంఘటనను ఊహించుకుని ఏ లైసెన్సు కింద ఏం జరుగుతుందో చూడటం మేలు. ఒక కంపెనీ మీ పాల కేంద్రం సాఫ్ట్‌వేర్‌ను తీసుకుంది. ధర కట్టే భాగాన్ని మార్చింది. తన సర్వర్‌లో నడుపుతూ వందల కేంద్రాలకు నెలసరి చందా మీద ఇస్తోంది. రైతుకు ఆ కొత్త లెక్క చూసే హక్కు ఉంటుందా?

ఎంఐటీ లైసెన్సు అయితే ఉండదు. ఆ లైసెన్సు అడిగేదల్లా మీ కాపీరైట్ వాక్యాన్ని, లైసెన్సు పాఠాన్ని తీసేయకుండా ఉంచమని మాత్రమే. కంపెనీ మార్చిన కోడ్‌ను దాచుకోవచ్చు. ఇందులో మోసమేమీ లేదు, మీరు ఇచ్చిన అనుమతే అది.

అపాచీ 2.0 కింద కూడా ఉండదు. 2004లో వచ్చిన ఈ లైసెన్సులో పేటెంట్ల మాట స్పష్టంగా ఉంటుంది: కోడ్ రాసినవారు దానికి సంబంధించిన తమ పేటెంట్లను వాడుకునే హక్కు కూడా ఇస్తారు, ఆ కోడ్ తన పేటెంట్‌ను ఉల్లంఘించిందంటూ ఎవరైనా దావా వేస్తే వారికి ఇచ్చిన పేటెంట్ హక్కు రద్దవుతుంది. మార్చిన ఫైళ్లలో మార్చామని రాయాలి. మీ సంఘం పేరు, గుర్తు వాడుకునే అనుమతి అందులో లేదు. ఎంఐటీ, అపాచీలలో ఒకటి తేల్చుకోవాల్సి వస్తే నేను అపాచీకే మొగ్గుతాను.

జీపీఎల్ అనే లైసెన్సు దగ్గర చాలామంది పొరపడతారు. మార్చిన కోడ్‌ను తప్పక ఇవ్వాల్సిందేనని విని ఉంటారు. 1991 నాటి రెండో రూపంలోనైనా, 2007 నాటి మూడో రూపంలోనైనా ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు పంపిణీ చేసినప్పుడే మొదలవుతుంది. మన కంపెనీ ప్రోగ్రాంను ఎవరికీ పంపడం లేదు. తన సర్వర్‌లోనే నడుపుతోంది. కేంద్రం నిర్వాహకుడు బ్రౌజర్‌లో తెరిచి చూస్తున్నాడు. కాబట్టి జీపీఎల్ కింద కూడా కోడ్ ఇవ్వనక్కరలేదు.

ఏజీపీఎల్ అనే లైసెన్సు మూడో రూపం ఈ లోటు తీర్చడానికే 2007 నవంబరులో వచ్చింది. అందులోని 13వ సెక్షన్ ప్రకారం, ప్రోగ్రాంను మార్చి నెట్‌వర్క్ ద్వారా ఇతరుల చేత వాడించేవారు, వాడేవారందరికీ ఆ మార్చిన కోడ్ పొందే అవకాశం ఇవ్వాలి. ఫోనులో తన చీటీ చూసుకునే రైతు కూడా వాడేవారి కిందికే వస్తాడు. మునుగోడులో కూర్చుని తన కొడుకు చేతనో, కాలేజీలో చదివే పక్కింటి అమ్మాయి చేతనో ఆ లెక్కను చదివించుకోగలడు. అందుకే పాల కేంద్రం సాఫ్ట్‌వేర్‌కు ఏజీపీఎల్ మూడో రూపాన్నే నేను సూచిస్తాను. సర్వర్‌లో నడుస్తూ జనం డబ్బును లెక్కగట్టే ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఇదే నా మాట.

దీని హద్దులు కూడా తెలుసుకోవాలి. మార్చకుండా ఉన్నది ఉన్నట్టు నడిపేవారికి 13వ సెక్షన్ కింద కొత్త బాధ్యత ఉండదు. ఉల్లంఘిస్తే నోటీసు పంపాల్సింది, అవసరమైతే కోర్టుకు వెళ్లాల్సింది కాపీరైట్ ఉన్నవారే. కొన్ని పెద్ద కంపెనీలు ఈ లైసెన్సు ఉన్న కోడ్‌ను దగ్గరికి రానివ్వవు. తమ ఉద్యోగులు ఏజీపీఎల్ కోడ్ వాడరాదని గూగుల్ బహిరంగంగానే నియమం పెట్టుకుంది. మీ లెక్కల సాఫ్ట్‌వేర్‌కు గూగుల్ వాడుకరి కావాల్సిన పని లేదు కాబట్టి దాని గురించి బెంగ వద్దు.

వీటి మధ్య ఎంపీఎల్ 2.0 ఉంది. మార్చిన ఫైళ్ల వరకు తెరిచి ఉంచమంటుంది, పక్కన చేర్చిన సొంత ఫైళ్లను వదిలేస్తుంది. లిబ్రేఆఫీస్‌ది ఇదే.

కొందరు మంచి మనసుతో సొంత షరతులు రాస్తారు: "రైతులు మాత్రమే వాడాలి", "వ్యాపారానికి వాడరాదు". 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ నిర్వచనం ప్రకారం, ఫలానా పనికి వాడరాదని అడ్డుకునే లైసెన్సు ఓపెన్ సోర్స్ కాదు. అది అటుంచినా, పాల కేంద్రం చేసేది వ్యాపారమే కదా. మీ షరతు మొదట మీ వాళ్లకే అడ్డం వస్తుంది.

అన్నిటికీ ఏజీపీఎల్ పెట్టమని మాత్రం చెప్పను. అదే ప్రాజెక్టులో 12,450 అనే అంకెను "పన్నెండు వేల నాలుగు వందల యాభై" అని అక్షరాల్లో రాసే చిన్న లైబ్రరీ (ఇతర ప్రోగ్రాంలలోనూ చేర్చుకోగలిగే కోడ్ ముక్క) ఉందనుకోండి. దాన్ని విడదీసి అపాచీ కింద ఇవ్వండి. బ్యాంకు యాప్‌లోనైనా, ప్రైవేటు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైనా అది చేరితే తెలుగుకు లాభమే, ఎవరి గుట్టూ అందులో లేదు. అపాచీ 2.0 కోడ్‌ను జీపీఎల్, ఏజీపీఎల్ మూడో రూపాల్లో కలుపుకోవచ్చు; జీపీఎల్ రెండో రూపం మాత్రమే అని రాసి ఉన్నదానితో మాత్రం అది పొసగదు. చీటీ ముద్రణకు వాడే తెలుగు ఫాంట్లు చాలావరకు ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వస్తాయి. వాటిని సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వవచ్చు, విడిగా అమ్మకూడదు.

ప్రభుత్వం చెయ్యి పడితే మంచిదా, చెడ్డదా

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని నమ్మవద్దు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ చేసిన రెండు పనులను పక్కపక్కన పెట్టి చూడండి. 2000 డిసెంబరులో అది ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థను జీపీఎల్ కింద విడుదల చేసింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టం నిపుణులు దాన్ని చదివారు, వాదించారు, మార్పించారు, తర్వాతే దాని మూల భాగమైన కెర్నెల్‌లో చేర్చుకున్నారు. ఈ రోజు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్లలో అది పనిచేస్తోంది. మరోవైపు, రహస్య తాళాల తయారీకి యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే డ్యుయల్ ఈసీ అనే పద్ధతి 2006లో అమెరికా ప్రమాణాల్లోకి ఎక్కింది. దాని వెనకా ఎన్‌ఎస్‌ఏనే. అందులో వాడిన స్థిర సంఖ్యలు ఎలా వచ్చాయో వివరించలేదు. వాటి రహస్యం తెలిసినవారు వచ్చే సంఖ్యలను ముందే ఊహించగలరని 2007లోనే పరిశోధకులు హెచ్చరించారు. 2013లో ఎన్‌ఎస్‌ఏ రహస్యాలను వెల్లడించిన స్నోడెన్ పత్రాలు బయటపడ్డాక ఆ అనుమానం బలపడింది. 2014లో ఆ పద్ధతిని ప్రమాణాల నుంచి తొలగించారు. రెండూ ఒకే సంస్థ నుంచి వచ్చాయి. ఎస్‌ఈలినక్స్‌లో ప్రతి వరుసనూ బయటివారు పరీక్షించగలిగారు. డ్యుయల్ ఈసీలో కీలకమైన సంఖ్యల పుట్టుకను దాచిపెట్టారు. ప్రభుత్వం ఇచ్చే ఏ సాఫ్ట్‌వేర్‌ను తూచాలన్నా నేను అడిగేది ఇదే: ఇందులో ఎవరికీ చూపని భాగం ఏదైనా ఉందా?

మన దేశంలో 2015 నాటి ఓపెన్ సోర్స్ విధానం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టుల్లో మూసి ఉంచిన సాఫ్ట్‌వేర్ కన్నా ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి, వద్దనుకుంటే కారణం చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సేతు మాత్రం మొదట మూసి ఉన్న సాఫ్ట్‌వేరే. విమర్శలు వచ్చాక మే 26న దాని ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను అపాచీ 2.0 కింద విడుదల చేశారు. కోట్ల మంది అప్పటికే దాన్ని ఫోనులో పెట్టుకున్నారు. ఆ కోడ్ మొదటి రోజే బయట ఉండాల్సింది.

జిల్లా స్థాయి శాఖ ఏదైనా మీ సాఫ్ట్‌వేర్ కావాలంటే మీ ముందు రెండు దారులుంటాయి: హక్కులు రాసివ్వడం, లేదా లైసెన్సు కింద ఇవ్వడం. రెండోదే ఎంచుకోండి. హక్కులు రాసిస్తే మీరే మీ కోడ్‌ను పక్క జిల్లాకు ఇవ్వలేని పరిస్థితి రావచ్చు. ఏజీపీఎల్ కింద ఇస్తే శాఖ దాన్ని స్వేచ్ఛగా వాడుకుంటుంది, తన ప్రభుత్వ సర్వర్‌లో పెట్టుకుంటుంది, మార్పులు చేసి జనం చేత వాడిస్తే ఆ మార్పులు బయటికి వస్తాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జాబితాలోని ఆడిటర్ చేత భద్రతా పరీక్ష చేయించమని వారు అడగడం సబబే, దానికి సంతోషంగా ఒప్పుకోండి. ఖర్చు ఎవరిదో మాత్రం ముందే రాసుకోండి.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు పెద్ద కంపెనీలకే అనుకోవద్దు. సర్వీసు నడిపేవారికి, వ్యాపారం చేసే సంస్థలకు కూడా అవి వర్తిస్తాయి. డేటా లీకైనట్టు తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను (సాఫ్ట్‌వేర్‌లో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలను) 180 రోజులు భారత పరిధిలో భద్రపరచాలి. అవే ఆదేశాల్లో, ఇంటర్నెట్ వాడకాన్ని గుట్టుగా ఉంచే వీపీఎన్ సంస్థలు చందాదారుల వివరాలను 5 ఏళ్లు ఉంచాలన్న నిబంధన ఉండటంతో కొన్ని విదేశీ వీపీఎన్ కంపెనీలు భారత్‌లోని తమ సర్వర్లను తీసేశాయి. ఆరు గంటల నిబంధన నాకు సమంజసంగానే తోస్తుంది. వీపీఎన్ నిబంధనను మాత్రం ఒప్పుకోలేను. నేరం చేయని లక్షల మంది వివరాలను ముందుగానే పోగు చేసి పెట్టమనడం భద్రతను పెంచదు, దొంగిలించడానికి మరో గుట్టను సిద్ధం చేస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ లాగ్‌లో "ఫలానా సభ్య సంఖ్య బిల్లు మారింది, మార్చింది ఫలానా ఆపరేటర్" అని రాస్తే చాలు. ఖాతా నంబరు, ఫోను నంబరు అందులోకి రానివ్వకండి. 180 రోజులు దాచాల్సింది అదే.

ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద, చట్టంలో చెప్పిన కారణాలకు, అధికారం ఉన్నవారి ఉత్తర్వుతో ప్రభుత్వం తాళం వేసి దాచిన సమాచారాన్ని విప్పి (డిక్రిప్ట్ చేసి) ఇమ్మని అడగగలదు. సహకరించకపోతే 7 ఏళ్ల వరకు జైలు. కాబట్టి చట్టబద్ధమైన ఉత్తర్వు వస్తే పాటించాలి. కానీ ఎవరో ఫోను చేసి, ఎన్నికల ముందు ఊరి రైతుల నంబర్లు కావాలంటే అది ఉత్తర్వు కాదు. రాతపూర్వకంగా, ఏ చట్టం కింద అడుగుతున్నారో చెప్పమనండి. సంఘం తీర్మానాల పుస్తకంలో ఈ నియమాన్ని ముందే రాయించి పెడితే, కేంద్రంలో కూర్చున్న కుర్రాడు ఒత్తిడికి తలొగ్గాల్సిన అవసరం రాదు.

వివరాల పూచీ

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో నోటిఫై చేశారు. ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమలులోకి వస్తాయి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. మన రైతులకు ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది: ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా చూసుకునే అవకాశం ఇవ్వాలి. అంటే తెలుగులో అడిగే హక్కు రైతుకుంది. ఆ నోటీసును యాప్‌లో ఇంగ్లిష్ పేజీల కింద దాచవద్దు, పాల కేంద్రం గోడకు పెద్ద అక్షరాల్లో కూడా అతికించండి. ఇదే చట్టం కొన్ని ప్రభుత్వ సంస్థలను నోటిఫికేషన్‌తో మినహాయించే వీలు ఇస్తోంది. నా దృష్టిలో అది చట్టంలోని పెద్ద లోపం. ఒకసారి ప్రభుత్వ సర్వర్‌కు చేరిన వివరాలకు అదే స్థాయి రక్షణ ఉంటుందని రైతుకు మీరు మాటివ్వలేరు.

అందుకే డేటాను ఎక్కడ ఉంచాలన్న దానికన్నా, ఏం తీసుకోవాలన్నది ముందు తేల్చండి. బిల్లు చెల్లించడానికి సభ్య సంఖ్య, పేరు, బ్యాంకు ఖాతా కావాలి. ఆధార్ అక్కర్లేదు. ఆ గడిని ప్రోగ్రాం నుంచే తీసేయండి. ఖాళీగా వదిలితే ఎవరో ఒకరు నింపుతారు. ఇక చోటు విషయానికొస్తే, ఒకే కేంద్రమైతే అక్కడి కంప్యూటర్‌లోనే డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం లేనిదే చదవలేని రూపంలోకి మార్చి) ఉంచి, ఒక నకలు సంఘం ఆఫీసులో పెట్టడం మంచిది. కేంద్రాలు పదులకు చేరాక, కరెంటు పోయే ఊళ్లలో డిస్కులు చెడిపోవడం మొదలయ్యాక, భారత్‌లో సర్వర్లున్న క్లౌడ్‌ను అద్దెకు తీసుకోవడమే నయం. ఖాతా నంబర్లను ఎన్‌క్రిప్ట్ చేసే తాళం మాత్రం క్లౌడ్‌లో వద్దు, సంఘం దగ్గరే ఉండాలి.

లైసెన్సు కాపాడలేనిది

కోడ్ తెరిచి ఉంటే చాలు, భద్రత దానంతట అదే వస్తుందనుకోవద్దు. లినక్స్ సర్వర్లలో విస్తృతంగా వాడే ఎక్స్‌జెడ్ (XZ) అనే, ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి ఉన్నట్టు 2024 మార్చి 29న బయటపడింది. జియా తాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, అలసిపోయిన నిర్వాహకుడి నమ్మకం సంపాదించి దాన్ని చొప్పించారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పట్టడం చూసి తవ్వితే విషయం తెలిసింది. దొంగదారిని పని చేయించే ముక్క అందరూ చూసే సోర్స్ నిల్వలో లేదు, విడుదల చేసిన ప్యాకేజీలో ఉంది. అది ఏ లైసెన్సు కింద ఉన్నా ఆ దాడి అలాగే జరిగేది. దీని నుంచి మనం పెట్టుకోవాల్సిన అలవాటు: మీ విడుదలను ఎవరైనా సోర్స్ నుంచి మళ్లీ తయారు చేసి సరిచూసుకునేలా ఉంచడం, మీరు వాడిన లైబ్రరీలన్నిటి పేర్లు, వెర్షన్లు ఒక జాబితాగా ఇవ్వడం. ఇలాంటి జాబితాల మీద సెర్ట్-ఇన్ 2024లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. పాలమూరులో ఒక్కరే రాసి ఒక్కరే నడిపే ప్రాజెక్టుకు రెండో మనిషిని వెతకడం ఇంకా ముఖ్యం.

చివరగా, లైసెన్సును తర్వాత మార్చుకోవచ్చా అని అడుగుతారు. కోడ్ అంతా మీదే అయితే కొత్త విడుదలలకు మార్చవచ్చు, పాత విడుదలలకు ఇచ్చిన అనుమతి పోదు. ఇతరులు కోడ్ చేర్చాక, ఏజీపీఎల్ లాంటి లైసెన్సును మార్చాలంటే వారి సమ్మతి కావాలి. రెడిస్ అనే డేటాబేస్ 2024 మార్చిలో ఎంఐటీ లాంటి తన బీఎస్‌డీ లైసెన్సును వదిలి కఠిన షరతులు పెట్టగానే, పాత కోడ్‌తో వాల్కీ అనే కొత్త ప్రాజెక్టు లినక్స్ ఫౌండేషన్ కింద మొదలైంది. 2025 మేలో రెడిస్ ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా చేర్చింది. అంత పెద్ద సంస్థకే వెనక్కి రావాల్సి వచ్చింది కాబట్టి, మీరు మొదటి విడుదలకు ముందే తేల్చుకోండి. లైసెన్సు పూర్తి పాఠాన్ని ఒక ఫైలుగా ప్రాజెక్టులో పెట్టండి, ప్రతి ఫైలు పైన కాపీరైట్ ఎవరిదో, ఏ సంవత్సరమో రాయండి, చీటీ తెర అడుగున "ఈ లెక్క కోడ్ ఇక్కడ చూడవచ్చు" అని తెలుగులో లింకు ఇవ్వండి.